ఐఎస్ఐ, సీఎంఐ ప్రవేశ పరీక్షల్లో అనుకున్న స్కోరు రాలేదు; మళ్లీ రాయాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: బ్రాడీపేట విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. ఈ సంవత్సరమే ఎంపీసీతో ఇంటర్మీడియట్ పూర్తిచేశాను. రెండేళ్లూ విజయవాడ శివారులోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదివాను. బోర్డు పరీక్షల్లో గణితానికి దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి, ఈఏపీసెట్ ర్యాంకు కూడా ఇంట్లోవాళ్లు సంతోషించదగ్గదే. అయితే ఇంజినీరింగ్ కన్నా గణితమే చదవాలన్న కోరిక పదో తరగతి నుంచీ ఉండటం వల్ల, మే నెలలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) వారి ప్రవేశ పరీక్షనూ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) వారి బీఎస్సీ ఆనర్స్ పరీక్షనూ రాశాను. ఐఎస్ఐ నుంచి ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. సీఎంఐ జాబితాలోనూ నా పేరు లేదు.

ఫలితాలు వచ్చాక కొంతకాలం పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఐఎస్ఐ వెబ్‌సైటులోని పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకొని, గడియారం ఎదురుగా పెట్టుకొని ఇంట్లో రాసి చూసుకున్నాను. మొదటి పేపరైన యూజీఏలో 30 ప్రశ్నలకు 22 గుర్తించాను, 8 వదిలేశాను. గుర్తించినవాటిలో 11 మాత్రమే సరైనవి. అంటే 120కి 52. రెండో పేపరైన యూజీబీలో 8 ప్రశ్నలకు గాను ఐదింటికి ఏదో ఒకటి రాశాను గానీ, వాటిలో పూర్తి జవాబు అనదగ్గవి ఎన్నో నాకే తెలియడం లేదు. మా కళాశాలలో రెండేళ్లూ ఆప్షన్ సరిపోయిందా లేదా అన్నదే చూశారు తప్ప, ఎలా రాశామన్నది ఎవరూ చూడలేదు.

నేను అభ్యాసం చేస్తున్న లెక్కల్లో రెండింటిని, నా జవాబులతో సహా ఇక్కడ ఇస్తున్నాను. మొదటిది: ఎన్² + 14ఎన్ + 2 పూర్ణవర్గం అయ్యేలా ఉండే ధన పూర్ణాంకాలు ఎన్ అన్నింటినీ కనుక్కోవాలి. నేను 1 నుంచి విలువలు వేసుకుంటూ పోతే 17 దగ్గర 529, అంటే 23 వర్గం వచ్చింది; ‘కాబట్టి ఎన్ = 17’ అని రాసి వదిలేశాను. రెండోది: ఎక్స్⁵ + 3ఎక్స్ + 1 = 0 అనే సమీకరణానికి వాస్తవ మూలం ఒక్కటే ఉంటుందని చూపాలి. దీనికి ‘రేఖాచిత్రం గీస్తే అది ఎక్స్ అక్షాన్ని ఒక్కసారే ఖండిస్తుంది’ అని రాశాను. రెండు జవాబులూ నాకు సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తున్నాయి, కానీ ఇలా రాస్తే మార్కులు రావని ఒక స్నేహితురాలు అంటోంది.

కౌన్సెలింగ్‌లో వచ్చే ఇంజినీరింగ్ సీటు వదులుకోవద్దని నాన్నగారు అంటున్నారు. ఒక్క ఏడాది చూద్దామని అమ్మ అంటోంది. ఇంట్లో ఉండి సిద్ధం కావడం మంచిదా, ఏదైనా కోర్సులో చేరి పక్కన చదువుకోవచ్చా? లాంగ్ టర్మ్ కోచింగ్ ఈ పరీక్షలకు పనికొస్తుందా? ఇంటర్‌లో అసలే లేని సంఖ్యా సిద్ధాంతాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? వీటన్నింటికన్నా ముఖ్యంగా, నిరూపణ రాయడం చెప్పేవాళ్లు దగ్గర లేనప్పుడు సొంతంగా ఎలా నేర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పటమట నుంచి కోల్‌కతాకు

చెల్లెమ్మా, మాది విజయవాడ పటమట. ప్రస్తుతం కోల్‌కతా ఐఎస్ఐలో బీస్టాట్, అంటే సంఖ్యాశాస్త్రంలో డిగ్రీ, చదువుతున్నాను. ముందు నీ 52 సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ అంకెను నువ్వు జేఈఈ మార్కులు చూసినట్టు చూస్తున్నావని నాకు అనుమానం.

యూజీఏలో సరైన జవాబుకు 4 మార్కులు, వదిలేసిన ప్రశ్నకు 1, తప్పు జవాబుకు సున్నా. అంటే ఒక్క ప్రశ్న కూడా ముట్టకుండా లేచి వచ్చినవాడికి కూడా 30 మార్కులు ఉంటాయి. కాబట్టి నీ 52లో నీ పనికి దక్కింది 22 మాత్రమే. నిన్ను బాధపెట్టాలని ఈ మాట అనడం లేదు. లోపం ఎక్కడుందో ఈ లెక్కలోనే బయటపడుతుంది. తప్పుగా గుర్తించిన ఆ 11 ప్రశ్నలను నువ్వు వదిలేసి ఉంటే, సరైనవాటికి 44, వదిలేసిన 19కి 19, మొత్తం 63 వచ్చేవి. కొత్తగా ఏదీ నేర్చుకోకుండానే, తెలియనిచోట చెయ్యి వెనక్కి తీసుకున్నంత మాత్రాన 11 మార్కులు పెరిగేవన్నమాట.

ఈ అలవాటు జేఈఈ మెయిన్ నుంచి వచ్చింది. అక్కడ సరైనదానికి 4, తప్పుకు మైనస్ 1, వదిలేస్తే సున్నా. అందువల్ల నాలుగు ఆప్షన్లలో ఒకదాన్ని కళ్లు మూసుకొని గుర్తించినా సగటున పావు మార్కు లాభమే తప్ప నష్టం లేదు. ఐఎస్ఐలో అలా గుర్తిస్తే సగటున వచ్చేది 1, వదిలేసినా వచ్చేది 1, కాబట్టి ఒరిగేదేమీ లేదు. ఒక ఆప్షన్ తప్పని కచ్చితంగా తేల్చగలిగితే సగటు 4/3 అవుతుంది, రెండింటిని తేల్చగలిగితే 2 అవుతుంది. అప్పుడు ధైర్యం చేయవచ్చు. నువ్వు గుర్తించినవాటిలో సరిగ్గా సగం నిజమయ్యాయి, అంటే రెండు ఆప్షన్లు తీసేసి మిగిలిన రెండింటి మధ్య బొమ్మా బొరుసూ వేసినవాడికి సగటున వచ్చే ఫలితమే నీకూ వచ్చింది. ఆ 11 తప్పులనూ ఒక్కొక్కటిగా విప్పి, ఏవి అసలు దారి తెలియక పోయాయో, ఏవి సగం చేసి తొందరపడటం వల్ల పోయాయో, ఏవి ప్రశ్న సరిగ్గా చదవకపోవడం వల్ల పోయాయో పక్కన రాసుకో. మన ప్రాంతం నుంచి వచ్చేవారిలో రెండో రకమే ఎక్కువని నా అభిప్రాయం: ‘పూర్ణాంకాలు’ అంటే ధన పూర్ణాంకాలే లెక్కపెట్టడం, సున్నాను మరిచిపోవడం, భాగించేటప్పుడు హారం సున్నా కావచ్చన్న ఆలోచన రాకపోవడం వంటివి.

దీనికి కారణం కూడా ఉంది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, జేఈఈ మెయిన్‌లో అదే 180 నిమిషాలకు 75. యూజీఏలో 120 నిమిషాలకు 30, అంటే ఒక్కోదానికి 4 నిమిషాలు. యూజీబీలో 120 నిమిషాలకు 8, అంటే ఒక్కోదానికి పావుగంట. మన కళాశాలల్లో ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా చేయించే సాధన అంతా మొదటి రెండు పరీక్షల కోసమే. ప్రశ్న చూడగానే ఏ సూత్రమో తట్టాలి, తట్టకపోతే తర్వాతి ప్రశ్నకు పోవాలి, అన్నదే అక్కడి శిక్షణ. ఒకే ప్రశ్నతో, చాలాసేపు ఏమీ తోచని స్థితిలో, కుర్చీ వదలకుండా కూర్చోవడాన్ని నీతో ఎవరూ సాధన చేయించి ఉండరు. ఇక్కడ కావలసింది అదే. అందుకే లాంగ్ టర్మ్‌లో చేరవద్దని నా సలహా. ఏడాది పాటు అవే బిట్లు మళ్లీ చేయిస్తారు, చేతి వేగం ఇంకొంచెం పెరుగుతుంది, ఈ పరీక్షలకు ఆ వేగంతో అవసరం లేదు.

యూజీబీ విషయంలో ఒక్క మాట. ఎనిమిది ప్రశ్నలూ మొదట నిదానంగా చదివి, దారి కొంతైనా కనిపించిన మూడు నాలుగింటిని ఎంచుకొని వాటిని చివరిదాకా రాయడం, అన్నింటికీ తలా రెండు వరుసలు రాయడం కన్నా ఎంతో మేలు. సీఎంఐ సంగతి కొంచెం వేరు. అక్కడి మొదటి భాగంలో ఈ మధ్య సంవత్సరాల్లో ఒక్కో ప్రశ్న కింద కొన్ని వాక్యాలిచ్చి, ఒక్కోటి ఒప్పో తప్పో విడివిడిగా తేల్చమంటున్నారు, కాబట్టి ఆప్షన్లను తీసేసే చిట్కా అక్కడ సాగదు; రెండో భాగమంతా వివరంగా రాయవలసిందే. వాళ్ల వెబ్‌సైటులో పాత పేపర్లున్నాయి, కొన్ని సంవత్సరాలవి జవాబులతో సహా ఉన్నాయి. ఆ జవాబులను లెక్క ఎలా చేశారో తెలుసుకోవడానికే కాక, ఎక్కడెక్కడ కారణం చెప్పారో, ఎక్కడ అక్కర్లేదని వదిలేశారో గమనించడానికి కూడా చదువు.

ఇంట్లో ఒప్పుకుంటే ఒక ఏడాది కేటాయించడంలో తప్పు లేదని నేను అనుకుంటాను. నాన్నగారికి ఖర్చు గురించి బెంగ ఉంటే, ఐఎస్ఐలో బీస్టాట్, బీమ్యాథ్ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదనీ, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారనీ చెప్పు.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు

అమ్మాయీ, నేను గుంటూరులో చాలా ఏళ్లు ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మార్కుల లెక్క పై అబ్బాయి చక్కగా చెప్పాడు గనుక దాని జోలికి పోను. నువ్వు రాసిన రెండు జవాబుల గురించే మాట్లాడతాను.

మొదటిదానిలో 17 అన్నది సరైన సంఖ్యే. బిట్ పేపరైతే పని అక్కడితో అయిపోయేది. కానీ ప్రశ్న ‘అన్నింటినీ’ కనుక్కోమన్నది. 17 తర్వాత 18 ఉంది, 1,800 ఉంది, 18 కోట్లు ఉంది. వాటిలో ఏదీ పనికిరాదని నువ్వు ఎక్కడా చెప్పలేదు. దిద్దేవాడికి నీ కాగితంలో కనిపించేది ఒక ఉదాహరణ మాత్రమే. ఇప్పుడు ఇలా చూడు. ఎన్² + 14ఎన్ + 2 అంటే (ఎన్ + 7)² − 47. ఇది ఎమ్² కు సమానమనుకుందాం; ఎమ్‌ను రుణాత్మకం కాని పూర్ణాంకంగా తీసుకోవచ్చు. అప్పుడు (ఎన్ + 7 − ఎమ్)(ఎన్ + 7 + ఎమ్) = 47 అవుతుంది. రెండో కారణాంకం ధనాత్మకం, లబ్ధం కూడా ధనాత్మకం, కాబట్టి మొదటి కారణాంకమూ ధనాత్మకమే కావాలి. 47 ప్రధాన సంఖ్య అయినందువల్ల ఆ రెండు కారణాంకాలూ 1, 47 తప్ప వేరే కావడానికి వీల్లేదు. మొదటిది రెండోదానికన్నా పెద్దది కాలేదు గనుక మొదటిది 1, రెండోది 47. రెండింటినీ కలిపితే 2(ఎన్ + 7) = 48, అంటే ఎన్ = 17; తీసివేస్తే ఎమ్ = 23. ఇక 17ను మొదటి సమాసంలో ప్రతిక్షేపిస్తే 529 వస్తుందని చివర ఒక వాక్యం రాస్తే జవాబు పూర్తవుతుంది.

మొత్తం ఏడెనిమిది వరుసలు. నువ్వు వరసగా విలువలు వేసి చూడటానికి పట్టిన సమయం కన్నా దీనికి తక్కువే పడుతుంది. ఇందులో నీకు తెలియని గణితం ఏమైనా ఉందేమో వెతుకు. వర్గాన్ని పూర్తిచేయడం పదో తరగతిలోనే నేర్చుకున్నావు, రెండు వర్గాల భేదాన్ని కారణాంకాలుగా విడగొట్టడం అంతకన్నా ముందే నేర్చుకున్నావు. ప్రతి అడుగుకూ ఎందుకని అడిగి, దానికి జవాబు కాగితం మీదే పెట్టడం ఒక్కటే నీకు కొత్త.

రెండోదానిలో రేఖాచిత్రం గీసుకోవడం మంచి అలవాటే, దాన్ని చూస్తేనే చాలాసార్లు దారి తోస్తుంది. కానీ ఆ చిత్రం అలాగే ఉంటుందని నీకెలా తెలుసని దిద్దేవాడు అడుగుతాడు. ‘మూలం ఒక్కటే’ అన్న వాక్యంలో రెండు సంగతులున్నాయి: కనీసం ఒక మూలం ఉంది, ఒకటికి మించి లేదు. వీటిని విడివిడిగా చూపాలి. ఎక్స్ = −1 వద్ద ప్రమేయం విలువ −3, ఎక్స్ = 0 వద్ద 1; బహుపది అవిచ్ఛిన్న ప్రమేయం గనుక ఈ రెండు బిందువుల మధ్య ఎక్కడో ఒకచోట సున్నా అయి తీరాలి. ఇక అవకలజం 5ఎక్స్⁴ + 3 అన్నది ఏ వాస్తవ సంఖ్యకైనా 3కు తగ్గదు, కాబట్టి ప్రమేయం శుద్ధ ఆరోహణం, కాబట్టి ఒకే విలువను రెండుచోట్ల తీసుకోదు. ఇదే సంగతిని రోల్ సిద్ధాంతంతోనూ చెప్పవచ్చు: రెండు మూలాలే ఉంటే వాటి మధ్య అవకలజం సున్నా అయ్యే బిందువు ఉండాలి, అది అసాధ్యం. రోల్ సిద్ధాంతం నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1బీలో చదివినదే. కానీ బోర్డు పరీక్షకు దాన్ని ‘ఈ ప్రమేయానికి రోల్ సిద్ధాంతాన్ని సరిచూడుము’ అనే ప్రశ్నకు మాత్రమే వాడి ఉంటావు. సిద్ధాంతం ఒక పనిముట్టు అని చెప్పకుండా, సరిచూసి పక్కన పెట్టే వస్తువుగా మేమే పిల్లలకు అలవాటు చేశాం; ఈ ఫిర్యాదు నాకు పాతదే.

అందుచేత కొత్త పుస్తకాల వేట కన్నా ముందు, నీ దగ్గర ఉన్న తెలుగు అకాడమీ పుస్తకాలనే తిరిగి తెరువు. 1ఏలో గణితానుగమనం ఉంది. దాన్ని దీర్ఘ సమాధాన ప్రశ్నగా ఒకే మూసలో రాసి ఉంటావు. ఇప్పుడు ఆ సూత్రం ఎందుకు పనిచేస్తుందో మరొకరికి వివరించగలవేమో ప్రయత్నించు. 2ఏలో సమీకరణ వాదం, ప్రస్తారాలు, సంయోగాలు, ద్విపద సిద్ధాంతం ఈ పరీక్షలకు నేరుగా పనికొస్తాయి. మన పుస్తకాల్లో లేనివి ప్రధానంగా మూడు. మొదటిది సంఖ్యా సిద్ధాంతం: భాగహార నియమం, గరిష్ఠ సామాన్య భాజకం, యూక్లిడ్ పద్ధతి, ప్రధాన కారణాంకాల ఏకైకత, ఆపైన శేషాల లెక్కలు, అంటే మాడ్యులో గణితం, చివర ఫెర్మా చిన్న సిద్ధాంతం; ఈ వరుసలోనే నడువు, ఫెర్మాతో మొదలుపెట్టవద్దు. రెండోది పావురాల గూళ్ల సూత్రం వంటి గణన యుక్తులు. మూడోది అసమానతలు, అంకమధ్యమం, గుణమధ్యమం మధ్య ఉన్న అసమానతనూ, కోషీ అసమానతనూ సమానత్వం ఎప్పుడు వస్తుందో దానితో సహా క్షుణ్ణంగా నేర్చుకుంటే ఆరంభానికి చాలు.

అభ్యాసానికి ముంబయిలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ నిర్వహించే గణిత ఒలింపియాడ్ పాత పేపర్లు తీసుకో. వాటిలో మొదటి దశ పరీక్ష అయిన ఐఓక్యూఎం జవాబులు 00 నుంచి 99 వరకు ఉండే పూర్ణాంకాలే కాబట్టి అవి ఆలోచనకు పదును పెడతాయి గానీ రాతకు సాయపడవు. రాత కోసం ప్రాంతీయ స్థాయి పేపర్లు, అంటే ఆర్ఎంఓవి, చెయ్యి. జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ పేపర్లు ఇప్పుడే వద్దు, నిరుత్సాహం కలుగుతుంది.

సొంతంగా రాయడం ఎలా నేర్చుకోవాలని అడిగావు. ఒక లెక్క చేశాక జవాబును చిత్తు కాగితం నుంచి తెల్ల కాగితం మీదకు పూర్తి వాక్యాల్లో ఎత్తి రాయి. కొన్నాళ్లు దాన్ని చూడకు. తర్వాత అది నీకు నచ్చని మనిషి ఎవరో రాసినదనుకొని, ఎర్ర పెన్ను పట్టుకొని చదువు. ‘స్పష్టమే’, ‘ఇలాగే మిగతావి కూడా’ అని రాసిన ప్రతిచోటా ఆగు, సాధారణంగా లొసుగు అక్కడే దాగి ఉంటుంది. నీ స్నేహితురాలు నీ జవాబును తప్పుపట్టింది చూశావా, ఆమెను వదులుకోవద్దు. ఒకరి కాగితాలు ఒకరు దిద్దుకోండి.

దూరాభారం గురించి మీ నాన్నగారికి బెంగ ఉంటే ఈ సంగతి చెప్పు. ప్రసిద్ధ సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు మన నూజివీడు, నందిగామల్లో చదువుకున్నవారే. యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది దక్కలేదు; ఆ ప్రయాణంలోనే, మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన ఐఎస్ఐ గురించి తెలిసి, 1941లో అందులో చేరారు.

చివరగా నీకొక లెక్క. ఏ ఏడు పూర్ణాంకాలను తీసుకున్నా, వాటిలో ఏవో రెండింటి మొత్తం గానీ భేదం గానీ 10తో నిశ్శేషంగా భాగించబడుతుందని చూపు. నిదానంగా రాసి ఇక్కడే పెట్టు, దిద్దుతాను.

జవాబు: ఎమ్మెస్సీ విద్యార్థిని, విజయవాడ

మాస్టారు చెప్పినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు. ఏడాది ఖాళీగా ఉండే విషయంలో మాత్రం పటమట తమ్ముడితో నేను ఏకీభవించలేను.

ఐఎస్ఐ ప్రవేశానికి ఇంటర్మీడియట్ స్థాయిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉత్తీర్ణులై ఉండాలి. మన ఇంటర్‌లో ఇంగ్లీషు అందరికీ ఉంటుంది గనుక ఆ విషయంలో చిక్కు లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ వచ్చే మే నెలలో మళ్లీ పరీక్ష రాయవచ్చు. సీటు వస్తే మారిపోవచ్చు, రాకపోతే చదువు ఆగదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే మొదటి మూడు నెలలు ఉత్సాహం ఉంటుంది, దసరా దాటాక బంధువుల ప్రశ్నలు మొదలవుతాయి, సంక్రాంతి నాటికి తల్లిదండ్రులకే అనుమానం వస్తుంది. కొందరు దాన్ని తట్టుకోగలరు, అందరూ తట్టుకోలేరు. బీటెక్‌లో చేరి పక్కన దీనికి చదవడం కూడా నేను సూచించను. ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు, మిడ్ పరీక్షల మధ్య ఒక లెక్కతో గంటసేపు కూర్చునే వ్యవధి దొరకదు. గుంటూరులో గానీ విజయవాడలో గానీ గణితం ప్రధానంగా ఉండే బీఎస్సీలో చేరితే, చదివే విషయమూ ఒకటే అవుతుంది, సాయంత్రాలూ మిగులుతాయి. మే నెలలో సెమిస్టర్ పరీక్షలూ ప్రవేశ పరీక్షలూ దగ్గర దగ్గరగా పడవచ్చు, ఆ ఒక్క ఇబ్బందికి ముందే సిద్ధంగా ఉండండి.

నేనూ ఇంటర్ తర్వాత ఈ పరీక్షల్లో నెగ్గలేదు. విజయవాడలోనే బీఎస్సీ చేశాను. ఇంటర్ తర్వాత మూసుకున్నదనుకున్న దారి డిగ్రీ తర్వాత మళ్లీ తెరుచుకుంటుంది: ఎమ్మెస్సీ ప్రవేశాలకు ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్ష ఉంది, ఐఎస్ఐలో ఎంస్టాట్, ఎంమ్యాథ్ ఉన్నాయి, సీఎంఐలో ఎమ్మెస్సీ ఉంది. డిగ్రీలో ఉండగా నాకు అన్నింటికన్నా ఉపయోగపడింది 1993 నుంచి నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ సహాయంతో జరుగుతున్న ఎంటీటీఎస్ అనే గణిత వేసవి శిక్షణ. అక్కడ అధ్యాపకులు పాఠం చెప్పడం కన్నా ప్రశ్నలు అడగడమే ఎక్కువ. బోర్డు ముందు నిలబడి ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక నీళ్లు నమిలిన తర్వాతే నాకు నిరూపణ అంటే ఏమిటో అర్థమైంది. డిగ్రీ విద్యార్థులకు మాధవ గణిత పోటీ కూడా ఉంది, అందులోనూ వివరంగా రాయవలసిన ప్రశ్నలు ఉంటాయి. అయితే ఇవేవీ మీరు ఇప్పుడే ఆలోచించవలసినవి కావు. వచ్చే మే నెల తర్వాత కూడా దారులున్నాయని ఇంట్లోవాళ్లకు చెప్పడానికి మాత్రం పనికొస్తాయి.

పుస్తకాలకు ఎక్కువ ఖర్చు పెట్టవద్దు. విజయవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఓపికగా వెతికితే సంఖ్యా సిద్ధాంతానికి, బీజగణితానికి మంచివి దొరుకుతాయి. దుకాణదారుకు పేరు చెప్పి అడగడం కన్నా మీరే అట్టలు తిరగేసి చూసుకోవడం నయం. ఆయన ఏది అడిగినా ఈఏపీసెట్ గైడే చేతిలో పెడతారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

మాస్టారూ, అన్నయ్యా, అక్కా, ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. గుంటూరులోనే బీఎస్సీలో చేరి మే నెలలో మళ్లీ రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. అన్నయ్య చెప్పినట్టు ఆ 11 తప్పులనూ విప్పి చూస్తే, దారి అసలే తెలియనివి మూడే ఉన్నాయి. మిగిలినవన్నీ సగంలో తొందరపడినవే.

మాస్టారు ఇచ్చిన లెక్కకు నా జవాబు ఇది. ఏ పూర్ణాంకాన్నైనా 10తో భాగిస్తే శేషం 0 నుంచి 9 వరకు ఉంటుంది. ఈ పది శేషాలనూ ఆరు గూళ్లుగా విభజిస్తాను: 0 ఒక్కటే ఒక గూడు, 5 ఒక్కటే ఒక గూడు, 1, 9 కలిసి ఒకటి, 2, 8 ఒకటి, 3, 7 ఒకటి, 4, 6 ఒకటి. సంఖ్యలు ఏడు, గూళ్లు ఆరు కాబట్టి కనీసం రెండు సంఖ్యలు ఒకే గూటిలో పడతాయి. ఆ రెండింటి శేషాలూ సమానమైతే వాటి భేదం 10తో నిశ్శేషంగా భాగించబడుతుంది. శేషాలు వేరువేరైతే, ఒకే గూటిలో ఉన్న వేరువేరు శేషాల మొత్తం ఎప్పుడూ 10 కాబట్టి, ఆ రెండు సంఖ్యల మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడుతుంది. కావలసినది ఇదే.

విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు

బాగా రాశావమ్మా. రెండు సందర్భాలనూ విడదీసి చెప్పడం, 0, 5లను ఒంటరిగా ఉంచడం సరిగ్గా కుదిరాయి. ఒక్కచోట మాత్రం ఎర్ర పెన్ను పెడుతున్నాను. ప్రశ్నలో ఉన్నవి పూర్ణాంకాలు, అంటే రుణ సంఖ్యలూ ఉండవచ్చు. −3ను 10తో భాగిస్తే శేషం ఎంతని అడిగితే తరగతిలో సగంమంది 3 అనో −3 అనో అంటారు; −3 = 10 × (−1) + 7 కాబట్టి శేషం 7. ప్రతి పూర్ణాంకాన్నీ 10క్యూ + ఆర్ రూపంలో, ఆర్ 0 నుంచి 9 వరకు ఉండేలా, ఒకే విధంగా రాయవచ్చని మొదటి వాక్యంలోనే చెబితే ఆ సందేహానికి తావుండదు. ఇక ఏడుకు బదులు ఆరు పూర్ణాంకాలే ఇస్తే ఈ మాట నిలబడుతుందా? నిలబడదనిపిస్తే ఆరు సంఖ్యలు చూపి, వాటిలో ఏ జతా పనికిరాదని ఒక వాక్యంలో రాసి పంపు.